చూసేవాళ్ళు కింద ఉంటారండి

రెండువేల పదో సంవత్సరం, ఆషాఢం వెళ్ళి శ్రావణం వస్తున్న రోజులు. భీమవరం అవతల, వాననీళ్ళు సముద్రంలోకి పోయే డ్రైను పక్కనున్న చేపల చెరువు గట్టు మీద జీవరాజు మకాం. మకాం అంటే చెరువు కాపలాకి వేసుకునే పాక. అందరివీ తాటాకు పాకలైతే జీవరాజుది రెండు గదుల పెంకుటిల్లు. ఎందుకంటే ఆయన భార్య పాపాయి ఊళ్ళో ఒక్కతే ఉండనంది. మొగుడు ఎక్కడుంటే అక్కడే ఉంటానని గట్టు మీదకి వచ్చేసింది. వస్తూ వస్తూ టీవీ కూడా తెచ్చుకుంది.

ముందు గదికి చెరువు వైపు రెండు రెక్కల తలుపు ఉంది. తలుపు దగ్గర్నుంచి నీళ్ళలోకి మెట్లు. రోజూ సాయంత్రం పాపాయి దేవుడికి దీపం పెట్టి, తలుపు బార్లా తీసి, టీవీ పెట్టి, కుర్చీలో కూర్చునేది. చేపలు మెట్ల దగ్గరికి వచ్చేవి. శీలావతులు ముందు, బొచ్చెలు వెనక. బొచ్చెలకి తల పెద్దది. అవి ముందుకొస్తే వెనకవాటికి బొమ్మ అడ్డం. అందుకని పాపాయి "వెనక్కి జరగండర్రా" అని కేకేసేది. అవి జరిగేవి.

చేపలకి మేత పెట్టడం అన్ని చెరువుల్లోనూ ఒకటే. తూట్లు పొడిచిన సంచుల్లో తవుడు, నూనెచెక్క నింపి నీళ్ళలో పాతిన వెదుళ్ళకి కడతారు. చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. జీవరాజు చెరువులో ప్రకటనలు వచ్చినప్పుడు తినేవి. సీరియల్ ఆగి సబ్బుల ప్రకటన రాగానే అన్నీ ఒక్కసారి తోక తిప్పి సంచుల దగ్గరికి పోయేవి. మళ్ళీ సీరియల్ పాట వినబడగానే తిరిగొచ్చేవి. ప్రకటనలు ఎక్కువైన ఏడాది చేప బాగా బరువొచ్చిందని మేత కొట్టు ఆయన కూడా అనేవాడు.

జీవరాజు టీవీ చూసే మనిషి కాదు. ఏడ్చేవాళ్ళని చూడ్డానికి కరెంటు ఖర్చెందుకు అనేవాడు. ఆయన గట్టు మీద నులకమంచం వేసుకుని వీపు టీవీ వైపు పెట్టి పడుకునేవాడు. కానీ చెరువు విషయంలో ఒక కట్టుబాటు పెట్టాడు. చేపల పట్టుబడికి మూడు రోజుల ముందు టీవీ ఆపేయాలి. చేపలు చెదిరిపోయాక, ఎవరి దారిన అవి తిరుగుతున్నప్పుడే వల వెయ్యాలి.

"చూడ్డానికి పిలిచి కూర్చోబెట్టినవాళ్ళ మీద వల వెయ్యకూడదు. అది చేపయినా సరే," అనేవాడు.

ఇంకోటి. వల లాగినప్పుడల్లా పాత చేపలు కొన్నిటిని తిరిగి నీళ్ళలో వదిలేవాడు. కొత్తగా పోసిన చేపపిల్లలకి టీవీ సంగతి, ప్రకటనల సంగతి అవే నేర్పేవి. అలా వదిలినవాటిలో తోకకి నొక్కున్న ఒక బొచ్చె ఉంది. దాన్ని పాపాయి పెద్దమ్మ అని పిలిచేది. బొచ్చె అయినా అది ఎప్పుడూ ముందు వరసలో, మెట్టుకి ఆనుకుని ఎడమ పక్కన ఉండేది. ఆ చోట ఇంకో చేప నిలబడదు.

శ్రావణం మొదట్లో ఓ సాయంత్రం ఆ టీవీ చచ్చిపోయింది. పిక్చర్ ట్యూబు పోయింది, మాట మాత్రం వస్తోంది. చేపలు కాసేపు చూశాయి. మర్నాడూ వచ్చి చూశాయి. మూడో రోజు రాలేదు. తవుడు సంచులు కట్టినవి కట్టినట్టే ఉండిపోయి నీళ్ళలో పులిసిపోయాయి. ప్రకటనలు కనబడకపోతే ఎప్పుడు తినాలో వాటికి తెలియలేదు.

జీవరాజుకి భయం పట్టుకుంది. చెరువు ఆయనది కాదు, కౌలుకి చేస్తున్నాడు. కిందటి ఏడు చేపలకి పేను పట్టి పంట సగం పోయింది. చెరువు గలాయన శివరామకృష్ణ భీమవరంలో ఉంటాడు. మంచి మనిషే గానీ ఈసారి చెప్పేశాడు.

"జీవరాజు గారూ, ఈ పంట కూడా పోతే రొయ్యల వాళ్ళకి ఇచ్చేస్తానండి. వాళ్ళు తిరుగుతున్నారు. నా పరిస్థితి కూడా చూడండి."

రొయ్యల వాళ్ళకిస్తే గట్టు మీద మకాం ఉండదు. మెట్లూ ఉండవు. అంత వరకూ జీవరాజుకి తెలుసు. అందుకని టీవీ వైపు వీపు పెట్టి పడుకునే మనిషి కొత్త టీవీ కొంటానని తనే అన్నాడు.

రాజమండ్రిలో నర్సు పని చేసే కూతురు సత్యశ్రీ ఫోన్లో చెప్పింది. "నాన్నా, ఇప్పుడు డబ్బా టీవీలు ఎవరూ కొనట్లేదు. గోడకి తగిలించేవి వచ్చాయి. ఎల్సీడీ అని ఉంటది, ప్లాస్మా అని ఉంటది. ఎల్సీడీ తీసుకోండి. కరెంటు తక్కువ."

జీవరాజుకి ఆ రెండు మాటల్లో కరెంటు తక్కువ అన్నది ఒక్కటే పట్టింది. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర నలుగురూ ఉండగా "ఎల్సీడీ కొంటున్నాను" అనేశాడు. పక్క చెరువు ఎజ్రా కూడా అక్కడే ఉన్నాడు. జీవరాజు నలుగురిలో ఒక మాట అన్నాడంటే అది గట్టు మీద నాటిన తాటిచెట్టే. పీకాలంటే గట్టు తవ్వాలి.

భీమవరంలో కొట్టుకి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళారు. కొట్లో లోకనాథ్ అనే కుర్రాడు ఎదురొచ్చి కుర్చీలు వేశాడు.

"ఎక్కువగా ఎవరు చూస్తారండి? పెద్దవాళ్ళా, పిల్లలా?"

"చేపలు," అంది పాపాయి.

"చేపలాండి, రొయ్యలాండి?"

"శీలావతి, బొచ్చె."

"అయితే చిన్నది చాలదండి. రొయ్యలకైతే చాలుద్ది. అవి బొమ్మ చూడవండి, శబ్దం వింటాయంతే. మీరు పెద్ద సైజే తీసుకోండి." లోకనాథ్ రెండు టీవీల ముందుకి తీసుకెళ్ళాడు. "ఇది ఎల్సీడీ అండి. వెనకాల సన్న ట్యూబులైట్లుంటాయి, ముందు పల్చటి తెర. పట్టపగలు కూడా బొమ్మ తెల్లగా కనబడుద్ది. బరువుండదు, కరెంటు తక్కువ. ఇదేమో ప్లాస్మా. ముందంతా గాజు. లోపల చుక్క చుక్కా తనంతట తనే వెలుగుద్దండి. నలుపంటే నలుపే. పరిగెత్తే మనిషి పరిగెత్తినట్టే ఉంటాడు, అలుక్కుపోడు. కాకపోతే కరెంటు ఎక్కువ లాగుద్ది, వేడెక్కుద్ది, ఎత్తడానికి ఇద్దరు కావాలి."

"ఎల్సీడీ కట్టెయ్యి బాబూ," అన్నాడు జీవరాజు.

పాపాయి కట్టనివ్వలేదు. ఎల్సీడీ ముందు నేల మీద చతికిలపడింది. అక్కడికీ చాలలేదు. చీర కొంగు నడుముకి దోపుకుని, కొట్లో అందరూ చూస్తుండగా నేల మీద పడుకుని, చెంప బండకి ఆనించి, పైకి చూసింది.

"ఏంటమ్మా అది?" అన్నాడు లోకనాథ్.

"చూసేవాళ్ళు కింద ఉంటారండి," అంది పాపాయి పడుకునే. "ఏవండీ, ఇలా రండి. ఇక్కణ్ణుంచి ఆ పిల్ల మొహం బొగ్గులా ఉంది, జుట్టు ముగ్గుబుట్టలా ఉంది. ఫోటో నెగిటివు చూసినట్టుంది."

లోకనాథ్ కూడా పక్కన మోకాళ్ళ మీద వంగి చూశాడు. "నిజమేనండి. ఎల్సీడీ కింద నుంచి చూస్తే రంగు తిరగబడుద్ది. ఎదురుగా కూర్చునేవాళ్ళకే అది."

పాపాయి లేచి ప్లాస్మా ముందుకెళ్ళి మళ్ళీ పడుకుంది. "ఇందులో ఎటు నుంచి చూసినా మనిషి మనిషిలాగే ఉంది. ఇది తీసుకుందాం."

"ఎల్సీడీ అని నలుగురిలో అన్నాను," అన్నాడు జీవరాజు.

"ఆ నలుగురూ వచ్చి చూస్తారా మన టీవీ?"

"మాటంటే మాటే."

లోకనాథ్ ఇద్దరి మొహాలూ చూసి, ఇలాంటివి చాలా చూసినవాడిలా చెప్పాడు. "తీసుకెళ్ళండి బాబుగారూ. వారం లోపు మార్చుకోవచ్చు. పెట్టె మాత్రం చింపకండి."

ఆ సాయంత్రం ఎల్సీడీ గోడకెక్కింది. పాపాయి తలుపు తీసింది. టీవీ పాట విని చేపలన్నీ ఎగబడి వచ్చాయి. బొగ్గు మొహాల్ని, తెల్ల జుట్టుల్ని కాసేపు చూశాయి. మొదట పెద్దమ్మ వెనక్కి తిరిగింది. దాని వెనకే అన్నీ పోయి గుర్రపుడెక్క కింద దూరాయి.

జీవరాజు పొద్దున్నే చెక్క ముక్కలు చెక్కి టీవీ వెనక పైభాగాన దోపి, నైలాను తాడుతో బిగించి, టీవీని ముందుకి వంచాడు. టీవీ ఇప్పుడు చెరువుకి దణ్ణం పెడుతున్నట్టుంది. సాయంత్రం చేపలొచ్చాయి, నిలబడ్డాయి, ప్రకటనల్లో తవుడు తిన్నాయి.

"చూశావా?" అన్నాడు జీవరాజు. ఆ మాట అనడానికి నులకమంచం మీద నుంచి లేచి మరీ వచ్చాడు.

"చూళ్ళేదు," అంది పాపాయి. "నాకు కనబడట్లేదు. బొమ్మ అంతా పాలు కలిపినట్టుంది. మీరు దాన్ని చేపలకి వంచారు. నేను చూడాలంటే చెరువులో కూర్చోవాలి."

"కూర్చో మరి."

అనకుండా ఉండాల్సిన మాట. మర్నాడు సాయంత్రం పాపాయి వంటింట్లో పీట తెచ్చుకుని, నీళ్ళలో మూడో మెట్టు మీద వేసుకుని, నడుము లోతు నీళ్ళలో కూర్చుంది. పీట తేలకుండా తనే బరువు. చేపలు జరిగి చోటిచ్చాయి. పెద్దమ్మ ఆమె మోకాలి పక్కన నిలబడింది.

"అన్నం పెట్టవా?" అన్నాడు జీవరాజు గట్టు మీద నుంచి.

"వార్చి పెట్టాను, వడ్డించుకోండి. నాకు సీరియల్ ఉంది."

రెండో రోజూ అలాగే. జీవరాజు కూర్చున్న పెళ్ళాన్ని చూస్తాడు, వంగిన టీవీని చూస్తాడు, గట్టు చుట్టూ తిరుగుతాడు. అటుగా వచ్చిన ఎజ్రా గట్టు మీద ఆగాడు. ఎజ్రా వాళ్ళది లూథరన్ చర్చి. జీవరాజుని బావగారూ అని, పాపాయిని అక్కా అని పిలుస్తాడు.

"ఏంటక్కా, బాప్తిస్మం తీసుకుంటున్నావా?"

"మీ బావగారు ఇప్పించారు ఎజ్రా. ఎల్సీడీ బాప్తిస్మం."

మూడో రోజుకి పాపాయి తుమ్ములు అవతలి గట్టు దాకా వినబడ్డాయి. తుమ్మినప్పుడల్లా చేపలు బెదిరి మళ్ళీ సర్దుకునేవి. కాళ్ళు నాని వేళ్ళు ముడతలు పడ్డాయి. జీవరాజు మెట్టు మీద నిలబడి చెయ్యి చాపాడు.

"లే పాపాయీ. జ్వరం వస్తది."

"ఇక్కణ్ణుంచి మీ ఎల్సీడీ చాలా బాగుందండి."

జీవరాజు పొద్దున్నే టీవీ ఊడదీసి, చింపని పెట్టెలో పెట్టి, ఆటోకెత్తాడు. టీ బడ్డీ దగ్గర ఆటో ఆగినప్పుడు నలుగురూ అడిగారు. "ఏంటండీ, ఎల్సీడీ అన్నారుగా?"

"ఎల్సీడీయే మంచిది," అన్నాడు జీవరాజు. "ఇప్పుడూ అదే అంటున్నాను. మా ఆవిడకి రొంప పట్టింది. అందుకని మారుస్తున్నాను."

అలా ప్లాస్మా వచ్చింది. ఇద్దరు పట్టి ఎత్తారు. తగిలించడానికి లోకనాథ్ తనే వచ్చాడు. వెళ్ళేముందు పాపాయిని పిలిచి చెప్పాడు.

"అమ్మా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దీంట్లో కదలని బొమ్మ చాలాసేపు ఉంచకూడదు. గాజు మీద అచ్చు పడిపోద్ది. ఇంక పోదు."

ఆ సాయంత్రం చేపలు నోళ్ళు తెరిచి చూశాయి. కుర్చీలో పాపాయికీ, నీళ్ళలో పెద్దమ్మకీ ఒకటే బొమ్మ. మీటరు గిర్రున తిరిగింది. జీవరాజు మీటరు వైపు కూడా వీపు తిప్పి పడుకోవడం నేర్చుకున్నాడు. చలి మొదలయ్యాక పాపాయి ఆ టీవీ వెనక వేడికి వడియాలు ఆరబెట్టేది. చేప బరువెక్కింది. శివరామకృష్ణ ఒకసారి కారులో వచ్చి, గట్టు మీద నిలబడి ఒక సీరియల్ సగం చూసి, చేపల వీపులు చూసి, "బాగుందండి" అని వెళ్ళాడు. పుష్యమాసంలో పట్టుబడి పెట్టుకుందామనుకున్నారు.

కార్తీకం ఆఖర్లో తుఫాను పట్టింది. వాన ఆగకుండా కొట్టింది. మొదటి రోజే కరెంటు పోయింది. రెండో రోజుకి డ్రైను పొంగి గట్ల మీదకొచ్చింది. డ్రైనుకి దగ్గరున్న చెరువులన్నీ ఒక్కటొక్కటే మునిగాయి. ఎవరి చేపలు ఎవరివో తెలియకుండా అన్నీ డ్రైనులో కలిసి సముద్రం వైపు పోయాయి. అలా పోయిన చేప తిరిగి రాదు. కౌలు రైతుకి అదే ఆఖరు.

మధ్యాహ్నానికి జీవరాజు చెరువుకి పడమటి గట్టు తెగింది. ఇసుక బస్తాలు వేస్తే బస్తాలు కూడా పోయాయి. జీవరాజు తడిసిన గోచీతో ఇంట్లోకొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"అయిపోయింది పాపాయీ."

పాపాయి చెరువు వైపు తలుపు తీసింది. నీళ్ళు పై మెట్టు దాకా ఉన్నాయి. ఆ నీళ్ళలో చేపలున్నాయి. వాన చినుకుల కింద తలలన్నీ ఇటువైపే పెట్టి, నల్లటి టీవీ గాజు కేసి చూస్తున్నాయి. కానీ వెనక వరసల్లో ఒక్కొక్కటే తిరిగి గండి వైపు పోతోంది. రెండు రోజుల్నుంచి వాటికి సీరియల్ లేదు.

"ఏవండీ, ఇవి ఇంకా ఉన్నాయి. టీవీ లేక పోతున్నాయి. ఏదో ఒకటి పెట్టండి."

జీవరాజు లేచి గట్టు మీద నుంచి ఎజ్రాని కేకేశాడు. ఎజ్రా చెరువు పొద్దున్నే మునిగింది, చేపలన్నీ పోయాయి. అయినా వచ్చాడు. రెండు తాటిదోనెలు కలిపి కట్టి, దాని మీద తన జనరేటరు, డీజిలు డబ్బా పెట్టుకుని వచ్చాడు.

"నాదెలాగూ పోయింది బావగారూ. మీదన్నా చూద్దాం."

జనరేటరు మోగింది. ప్లాస్మా వెలిగింది. వానకి డిష్షు పట్టలేదు, నీలం రంగు తప్ప ఏమీ లేదు. చేపలు నీలం రంగుని చూడలేదు. ఇంట్లో ఉన్న సీడీ ఒకటే, సత్యశ్రీ పెళ్ళిది. పాపాయి అదే పెట్టింది. సన్నాయి వినబడగానే గండి దగ్గరికి పోయినవి కూడా వెనక్కొచ్చాయి. పందిరి, పెళ్ళికొడుకు, కాళ్ళు కడగడం, వంటవాళ్ళు, బంతి భోజనాలు. చేపలు కదలకుండా చూశాయి. అయిపోతే పాపాయి మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.

మూడోసారి తిరుగుతున్నప్పుడు సీడీ ఒక చోట పట్టేసింది. తెర మీద, తలంబ్రాల పళ్ళెం ఎక్కడ పెట్టాడో మర్చిపోయిన జీవరాజుని పాపాయి వేలు చూపించి కేకలేస్తోంది. జీవరాజు తనకి కానట్టు పక్కకి చూస్తున్నాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. జీవరాజు మీట నొక్కబోయాడు.

"ముట్టుకోకండి," అంది పాపాయి. "ఒక్క క్షణం నల్లబడినా పోతాయి. అవి చూస్తున్నాయిగా, ఉండనివ్వండి."

"అచ్చు పడుద్దన్నాడే ఆ కుర్రాడు?"

"పడనివ్వండి."

ఆ బొమ్మ అలాగే ఉంది. తెల్లారింది, మళ్ళీ మధ్యాహ్నమైంది, బొమ్మ కదల్లేదు, చేపలు కదల్లేదు. వాన తగ్గింది. డ్రైనులో వరద తీసింది. అదే అసలు ప్రమాదం. నీళ్ళు తీస్తున్నప్పుడు చెరువులో నీళ్ళన్నీ గండి వైపే లాగుతాయి, చేపని ఈడ్చుకుపోతాయి. ఎజ్రా డీజిలు డబ్బా ఊపి చూశాడు. డబ్బా తేలిగ్గా ఊగింది.

"బావగారూ, సాయంత్రం దాటి రాదు ఇది. ఎక్కడా డీజిలు లేదు. టీవీ ఆగిన మరుక్షణం ఇవి గండిలో పడతాయి. మా వాళ్ళు వల తెచ్చారు. ఇప్పుడే వేసేద్దాం. మెట్ల దగ్గర అన్నీ ఒక్క చోటే ఉన్నాయి."

"టీవీ నడుస్తుండగా వల వెయ్యను," అన్నాడు జీవరాజు.

"పంట పోద్ది బావగారూ. చెరువు పోద్ది."

"పోనీ. పిలిచింది మనం. వాన్లో వరదలో ఉండిపొమ్మని మనం అడిగితే ఉన్నాయి. వాటి మీద వల వేస్తే నేను మనిషినా?"

ఎజ్రా పాపాయి వైపు చూశాడు. పాపాయి మొగుణ్ణి చూసింది. తడిసి ముద్దయి, రెండు రోజులుగా అన్నం లేక, గోడకి ఆనుకుని, గెడ్డం పైకెత్తి కూర్చున్న మనిషి. ఈ మనిషి మాట మార్చడు. చెరువు వదిలేస్తాడు, ఇల్లు వదిలేస్తాడు. ఆ తర్వాత ఎవరి గట్టు మీదో కూలికి పడుకుంటాడు. అప్పుడు కూడా మాట మార్చడు.

"మీరు మాట తప్పక్కర్లేదండి," అంది పాపాయి. "మాట మీది. టీవీ నాది. వల ఎజ్రాది. మీరు లోపలికెళ్ళి పడుకోండి."

"పాపాయీ!"

"ఎల్సీడీ విషయంలో మీరు నా మాట విన్నారు కదా. ఇదీ వినండి. ఎజ్రా, నువ్వు వల దించు."

జీవరాజు లోపలికి పోలేదు. అలాగని అడ్డమూ రాలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

పాపాయి వంటింట్లో పీట తెచ్చుకుంది. నీళ్ళలో మూడో మెట్టు మీద వేసుకుని కూర్చుంది. చేపలు జరిగి చోటిచ్చాయి. పెద్దమ్మ వచ్చి ఆమె మోకాలి పక్కన నిలబడింది. టీవీలో పాపాయి వేలు చూపిస్తూనే ఉంది. వెనకాల ఎజ్రా, అతని మనుషులు చప్పుడు చెయ్యకుండా వల చుట్టూ తిప్పుకొచ్చారు. చేపలకి వల కనబడకుండా ఉండదు. ఒక్కటీ వెనక్కి తిరగలేదు. పాపాయి అక్కడ కూర్చుని ఉంది కదా.

వల దగ్గరికొచ్చాక పాపాయి పీట తీసుకుని మెట్లెక్కింది. చేపలు మెట్లెక్కలేవు.

సాయంత్రానికి లారీ వచ్చింది. గట్టు మీద ఐసు కొట్టి పెట్టెల్లో చేపలు సర్దుతున్నారు. అప్పటిదాకా గోడ వైపు తిరిగి కూర్చున్న జీవరాజు లేచి వచ్చి, సర్దిన పెట్టె మూత తీశాడు. ఐసు పక్కకి తోసి చేపలు తిరగేశాడు. ఆ పెట్టె అయ్యాక ఇంకో పెట్టె.

"ఏం వెతుకుతున్నారండి?" అన్నాడు లారీ డ్రైవరు.

"తోకకి నొక్కున్న బొచ్చె."

"ఐసు కరిగిపోతంది బాబుగారూ! ఇన్ని పెట్టెల్లో ఎక్కడ దొరుకుద్దండి?"

జీవరాజు వినలేదు. ఎజ్రా వచ్చి రెండో వైపు నుంచి వెతకడం మొదలుపెట్టాడు. పాపాయి మాత్రం రాలేదు. చేతులు ఐసుకి కొంకర్లు పోయేదాకా వెతికారు. దొరకలేదు. లారీ వెళ్ళిపోయింది. జనరేటరు కాసేపు దగ్గి ఆగిపోయింది.

ఆ చుట్టుపక్కల ఆ ఏడు చేప అమ్మిన చెరువు అదొక్కటే. శివరామకృష్ణ వచ్చి, గండి పూడ్పించి, చెరువు మీ దగ్గరే ఉంచుకోండని చెప్పి వెళ్ళాడు. జీవరాజు ఎజ్రాని తన చెరువులో వాటా ఇచ్చి పాలికి పెట్టుకున్నాడు. వేసవిలో కొత్త చేపపిల్లల్ని పోశారు. పాపాయి రోజూ సాయంత్రం దీపం పెట్టి, తలుపు బార్లా తీసి, టీవీ పెట్టింది. చేపపిల్లలు నీళ్ళలో వాటి దారిన అవి తిరిగాయి. నేర్పడానికి పాత చేప ఒక్కటి కూడా లేదు. అన్ని చెరువుల్లో తిన్నట్టే ఎప్పుడు పడితే అప్పుడు తవుడు తిన్నాయి.

ఒకరోజు సాయంత్రం జీవరాజు నులకమంచం మడిచి గోడకి చేరేశాడు. కుర్చీ ఒకటి తెచ్చి పాపాయి పక్కన, ఎడమ వైపు వేసుకుని కూర్చున్నాడు.

"ఈ పిల్లెవరు? ఎందుకేడుస్తోంది?" అన్నాడు.

పాపాయి చెప్పింది. కథ పెద్దది. చెప్పడానికి చాలా రోజులు పట్టింది.

ఇప్పటికీ అదే టీవీ ఉంది. వార్తలు పెట్టినా, సీరియల్ పెట్టినా, బొమ్మ వెనకాల లీలగా పాపాయి వేలు చూపించి కేకలేస్తూ ఉంటుంది, జీవరాజు పక్కకి చూస్తూ ఉంటాడు. సత్యశ్రీ వచ్చినప్పుడల్లా కొత్తది కొంటానంటుంది. జీవరాజు వద్దంటాడు. ఎవరన్నా అడిగితే ఎల్సీడీయే మంచిదని ఇప్పుడూ అంటాడు. ప్రకటన రాగానే లేచి వంటింట్లోకెళ్ళి జంతికలు తింటాడు. సీరియల్ పాట వినబడగానే తిరిగొచ్చి తన చోట్లో కూర్చుంటాడు.

చెరువు వైపు తలుపు రోజూ తీస్తారు. మెట్ల దగ్గరికి మళ్ళీ ఏ చేపా రాలేదు.